కార్బన్ బ్రష్‌లు మార్చేటప్పుడు

డ్రిల్, గ్రైండర్ లాంటి వాటి మోటారులో తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే కార్బన్ ముక్కలే బ్రష్‌లు. వాటిని విప్పేముందు ఏది ఏ వైపు ఎలా కూర్చుందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. పాతదాన్నే తిరగేసి పెడితే ఒంపు తిరిగిన ముఖం అంచు మీదే ఆని నిప్పురవ్వలు లేస్తాయి. పొడవు మూడో వంతుకు, చిన్న టూల్స్‌లో దాదాపు 5-6 మి.మీ.కి దిగితే మార్చేయాలి. ఒకటే అరిగినా రెండూ మార్చండి. అరిగినవాటితోనే నడిపితే స్ప్రింగ్ ఒత్తిడి చాలక స్పార్క్ కమ్యుటేటర్‌నే (బ్రష్‌లు ఆనే, తిరిగే రాగి భాగాన్నే) తినేస్తుంది.

ఒకటి మరీ ఎక్కువ అరిగిందంటే బ్రష్ కూర్చునే గూడులో (హోల్డర్‌లో) కార్బన్ పొడి పేరుకుందేమో చూడండి. శుభ్రం చేశాక బ్రష్ దాని బరువుకే జారాలి, అలాగని వదులుగా ఊగకూడదు.

కమ్యుటేటర్ మీద నున్నగా ఉండే చాక్లెట్ రంగు పొర మురికి కాదు. దయచేసి దాన్ని గీకి రాగి మెరిపించకండి, అరుగుదలను ఆపేది అదే. కాలిన నల్ల మచ్చలుంటేనే సన్నటి గ్లాస్ పేపర్ వాడండి. ఎమరీ గుడ్డ వద్దు: దాని రేణువులు సెగ్మెంట్ల (కమ్యుటేటర్‌లోని విడివిడి రాగి పలకల) మధ్య ఇరుక్కుంటే షార్ట్ అవ్వొచ్చు.

కొత్తవి వేశాక 10-15 నిమిషాలు లోడ్ లేకుండా తిప్పండి. మొదట్లో కాస్త స్పార్క్ కనిపించినా, ముఖం సర్దుకునేకొద్దీ తగ్గిపోతుంది.