జేబులో పట్టే జూమ్ కెమెరాను పరీక్షించడం ఎలా?

మా చెల్లెలి కొడుకు కొత్త కెమెరా పట్టుకుని మద్రాసు మెరీనా బీచ్‌కు వెళ్లాడు. మే నెల మిట్టమధ్యాహ్నం ఇసుకలో నిలబడి, దూరాన ఉన్న లైట్‌హౌస్‌ను పూర్తి జూమ్‌లో తీశాడు. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చి, "పెద్దమ్మా, లెన్సు పాడైంది, తిరిగి పంపేస్తాను" అన్నాడు. ఫొటో చూశాను. లైట్‌హౌస్ అంచులు నీళ్లలో నీడలా వంకర్లు తిరిగి ఉన్నాయి. లెన్సు బాగానే ఉంది, వాడు ఎంచుకున్న వేళే బాగాలేదు. ఎండకు మరిగిన గాలి బొమ్మను వంకర్లు తిప్పింది. ఇలా మంచి కెమెరాలను వెనక్కి పంపేవారినీ, నిజంగా లోపమున్నదాన్ని తిరిగిచ్చే గడువు దాటేదాకా గమనించనివారినీ చూసి చూసి విసిగిపోయాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. నిండా ఛార్జి చేసిన బ్యాటరీ, ఖాళీ మెమరీ కార్డు, ఫొటోలు చూడటానికి కంప్యూటర్, అర కిలో బియ్యం పోసి మూతి కుట్టిన గుడ్డ సంచి. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) అక్కరలేదు.

పెట్టె మీది అంకెలు

‘30 ఎక్స్’ అని రాసి ఉంటే కంటికన్నా ముప్పై రెట్లు దగ్గరగా చూపిస్తుందని అనుకోకండి. అది లెన్సు రెండు కొసల నిష్పత్తి మాత్రమే. ఆ కొసలను ఫోకల్ లెంగ్త్‌తో, అంటే మిల్లీమీటర్లలో చెబుతారు; అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది. సోనీ హెచ్ఎక్స్99 పరిధి 24 నుంచి 720 మిల్లీమీటర్లు, అందుకే 30. కేనన్ ఎస్ఎక్స్740 పరిధి 24 నుంచి 960 దాకా ఉంది, అందుకే 40. అంతకు మించి కనిపించేదంతా డిజిటల్ జూమ్, అంటే ఉన్న బొమ్మనే సాగదీయడం. మెనూలోకి వెళ్లి ముందు దాన్ని ఆఫ్ చేయండి.

సెన్సర్ (లెన్సు వెనక వెలుగును పట్టి బొమ్మగా మార్చే పలక) సంగతీ అంతే. 1/2.3 అంగుళాలని పిలిచేదాని అసలు కొలత సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, కందిపప్పు బద్దంత. ఒక అంగుళం సెన్సర్ అనేది నిజానికి 13.2 × 8.8 మిల్లీమీటర్లు. పాత టీవీ కెమెరాల గొట్టాల కొలతల నుంచి వచ్చిన పేర్లివి, వాటిలో అంగుళం వెతకడం వృథా. కానీ పెద్దదాని వైశాల్యం చిన్నదానికి నాలుగు రెట్లు, రాత్రివేళ తేడా అక్కడే తెలుస్తుంది. సూళ్లూరుపేట రైలెక్కి పులికాట్ ఫ్లెమింగోలను తీయాలంటే చిన్న సెన్సర్, పొడవైన జూమ్. ఇంట్లో పేరంటాలు, పుట్టినరోజులు తీయాలంటే సోనీ ఆర్ఎక్స్100 ఏడో రకంలా పెద్ద సెన్సర్, 200 దగ్గర ఆగిపోయే జూమ్. రెండూ ఒకే జేబులో కావాలంటే కుదరదు.

వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) లేనిది కొనకండి. మద్రాసు ఎండలో వెనక తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది. లేకపోయినా ఫర్వాలేదనేవారు చెట్ల నీడన ఫొటోలు తీసుకునేవారై ఉంటారు.

అసలు పరీక్ష: కొసదాకా జూమ్

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

చిన్న గొట్టంలో అద్దాల గుంపులు ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉండే లెన్సులో ఏ అద్దమైనా వెంట్రుకవాసి పక్కకు ఒరిగితే ఫొటోలో ఒక పక్క మసకబారుతుంది. మనం వెతికేది దీన్నే. చిక్కేమిటంటే చేయి వణికినా, ఫోకస్ తప్పినా, గాలి వేడెక్కినా, అద్దం మీద ఆవిరి పట్టినా బొమ్మ మసకగానే ఉంటుంది. ముందు వీటిని ఒక్కొక్కటిగా తప్పించాలి.

ఆవిరితో మొదలుపెడదాం. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను మన ఊరి ఉక్కలోకి ఒక్కసారిగా తెస్తే లెన్సు మీద మంచు పట్టినట్టవుతుంది. ఏసీ గదిలోనే జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, సంచితోనే అరగంట బయట ఉంచి, అప్పుడు తీయండి. తొందరపడి పంచె కొంగుతో తుడవకండి. ఆవిరి మళ్లీ పడుతుంది, గీతలు మాత్రం ఉండిపోతాయి.

వేళ ఉదయం ఆరున్నర, ఏడు మధ్య. తొమ్మిది దాటితే రోడ్డు మీదా డాబా మీదా గాలి మరగడం మొదలవుతుంది. దూరం ముప్పై నలభై మీటర్లు చాలు. 720 దగ్గర నలభై మీటర్ల దూరంలో మీ ఫ్రేములో పట్టేది సుమారు రెండు మీటర్ల వెడల్పే. నా పరీక్షాపత్రం మైలాపూరు కపాలీశ్వరాలయం తూర్పు గోపురం. సుమారు 120 అడుగుల ఎత్తు, నిండా సున్నపు బొమ్మలు, పొద్దున్నే ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. నగల గీతలు, వేళ్ల సందులు, మూలమూలనా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. మీ వీధిలో గ్రిల్లు కిటికీల భవనం ఉంటే అదీ చాలు.

గోడకు న్యూస్‌పేపరు అంటించి ఇంట్లోనే పరీక్షించేవారు చాలామంది ఉన్నారు. వాళ్ల ఓపికకు దండం. రెండు మూడు మీటర్ల దగ్గర లెన్సు ప్రవర్తించే తీరు వేరు, దూరాన వేరు. పైగా కెమెరా గోడకు కాస్త వంకరగా ఉన్నా ఒక పక్క మసకబారి, లేని లోపం ఉన్నట్టు చూపిస్తుంది. దూరపు బొమ్మతో ఆ బెడద దాదాపు ఉండదు.

ఇప్పుడు బియ్యం సంచిని పిట్టగోడ మీద పెట్టి, కెమెరాను దానిలోకి కూరుకునేలా ఆనించండి. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆఫ్, ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) అతి తక్కువ, ఫోకస్ నడిమి ఒక్క బిందువు మీద, రెండు సెకన్ల టైమర్. అయిదు ఫొటోలు తీయండి, ప్రతిసారీ ఫోకస్ కొత్తగా పట్టనివ్వండి. తరువాత కెమెరాను తలకిందులుగా పెట్టి, అదే బొమ్మను మళ్లీ అయిదు తీయండి. ట్రైపాడ్ వద్దన్నది ఇందుకే, దాని మీద ఈ పని అంత సులువు కాదు.

కెమెరా తెర మీద చూసి తీర్పు చెప్పకండి, అక్కడ అన్నీ అందంగానే ఉంటాయి. కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో, అంటే ఫొటోలోని ఒక్కో చుక్కకు తెర మీద ఒక్కో చుక్క వచ్చేలా పెట్టి చూడండి. అయిదింటిలో ఒక్కటి చక్కగా ఉండి మిగతావి మసకగా ఉంటే తప్పు చేతిదో ఫోకస్‌దో గాలిదో. లెన్సు లోపం ఒక ఫొటోలో ఉండి ఇంకోదానిలో మాయమవదు. మూలలను నడిమి భాగంతో పోల్చకండి. మూలలు కాస్త మెత్తగా ఉండటం ఈ జాతి కెమెరాల నైజం. మూలను మూలతోనే పోల్చాలి. నాలుగూ ఒకేలా ఉంటే వదిలేయండి. ఒక్క పక్కే తేడాగా ఉంటే, తలకిందులుగా తీసిన ఫొటోల్లో ఆ మసక ఎక్కడుందో చూడండి. మొదట ఎడమ పక్క ద్వారపాలకుడి మీద ఉన్నది ఇప్పుడు కుడి పక్కవాడి మీదికి వెళ్లిందా? అది లెన్సు లోపమే. ఎడమవాడి మీదే ఉందా? కెమెరాను నిందించకండి. 24 దగ్గరా, మధ్యలో 200 దగ్గరా ఇదే మళ్లీ చేయండి. అద్దాలు జరుగుతాయి కాబట్టి ఒకచోట లేని లోపం ఇంకోచోట బయటపడవచ్చు.

మా వాడి చేత ఇదంతా చేయించాను. నాలుగు మూలలూ ఒకేలా వచ్చాయి. గోపురం మీద కూర్చున్న పావురం కన్ను కూడా కనిపించింది.

మిగతావి

సాయంత్రం ఇంట్లో ఒకే బల్బు వెలుగులో పూర్తి జూమ్‌తో ఒక ఫొటో తీసి చూడండి. ఎఫ్6.4 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది, వెలుగు తగ్గుతుంది) ఐఎస్ఓ 3200 దాకా ఎగబాకి, ముఖాలు మైనం పూసినట్టు వస్తాయి. అది లోపం కాదు, భౌతికశాస్త్రం.

మద్రాసు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ వీధిలో ఎవరో వాడిన పాతది కొంటుంటే మీ మెమరీ కార్డు వెంట తీసుకెళ్లండి. పూర్తి జూమ్‌లో తెల్లగోడను ఎఫ్8 దగ్గర తీస్తే సెన్సర్ మీది దుమ్ము బూడిద మచ్చలుగా కనిపిస్తుంది. ఈ గొట్టాలు లోపలికీ బయటికీ తిరిగేటప్పుడు దుమ్మును పీల్చుకుంటాయి, విప్పి శుభ్రం చేయడం ఖర్చుతో కూడిన పని. జూమ్ చేస్తూ చెవి దగ్గర పెట్టుకోండి. కరకరమంటే లోపల ఇసుక ఉన్నట్టే, అమ్మేవారు ధర సగానికి తగ్గించినా అక్కడే వదిలేసి రండి.