పిల్లల మాసపత్రికకు పేజీలు కట్టడం ఎలా

పిల్లల కోసం మాసపత్రిక తేవాలని ఒక పాఠశాలో గ్రంథాలయమో సంకల్పించినప్పుడు, మొదటి సమావేశాల్లో కథలు ఎవరు రాయాలి, బొమ్మలు ఎవరు వేయాలి అన్న చర్చే ఎక్కువగా జరుగుతుంది. అక్షరం ఎంత ఉండాలి, వరుసల మధ్య ఎంత ఎడం ఉండాలి, బొమ్మ పేజీలో ఎక్కడ కూర్చోవాలి అన్న విషయాలను మాత్రం ప్రెస్సుకు పంపే ముందు వారం, కంప్యూటర్‌లో పేజీలు కట్టే డీటీపీవారికి వదిలేస్తారు. చాలాకాలంగా చిన్న పత్రికలకు పేజీలు కడుతున్న నాకు ఇది చివర మొదలుపెట్టిన పనిలా కనిపిస్తుంది, ఎందుకంటే కథ ఎంత మంచిదైనా దాని మొదటి వాక్యం దాకా చేయి పట్టుకుని నడిపించేది పేజీయే.

ముందుగా చదివేది ఎవరో నిర్ణయించుకోవాలి. దానికి ‘పిల్లలు’ అన్న మాట చాలదు. ఆరేళ్ల పాప బొమ్మను చూస్తుంటే అమ్మ పక్కన కూర్చుని కథ చదివి వినిపిస్తుంది. పదేళ్ల పిల్లవాడు తానే చదువుకుంటాడు. పదమూడు దాటినవారికి చిన్నపిల్లల పత్రికను నలుగురిలో పట్టుకోవడమే నామోషీగా ఉంటుంది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు, అమెరికాలో వారాంతపు తరగతుల్లో తెలుగు నేర్చుకునే పిల్లలు కథ వింటే ఇట్టే అర్థం చేసుకుంటారు కానీ, చదవబోయినప్పుడు ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వీరందరికీ ఒకే పేజీ సరిపోదు కనుక ఒకరిని ఎంచుకుని, వారి తరగతి, చదివే చోటు, అక్కడి వెలుతురు, పత్రిక కొనిపెట్టే పెద్దలు ఎవరు అన్న నాలుగు సంగతులను కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకోండి. ఇక్కడ నేను ఐదో తరగతి చదువుతూ, బడి గ్రంథాలయంలో నేల మీద కూర్చుని పత్రికను ఒళ్లో పెట్టుకునే అమ్మాయిని దృష్టిలో ఉంచుకుని చెబుతున్నాను.

1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డి ప్రారంభించిన చందమామ పేజీలు కట్టే విషయంలో మనకున్న గొప్ప పాఠం. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల అందం గురించీ, లోపల చిత్రా, శంకర్ వేసిన బొమ్మల గురించీ ఎందరో చెప్పారు. పేజీలు కట్టేవారు ఆ అందంతో పాటు ఆ బొమ్మలు చేసిన పనిని కూడా గమనించాలి. బేతాళ కథ అనగానే శవాన్ని భుజాన వేసుకుని, కత్తి చేతపట్టి నడిచే విక్రమార్కుడు కళ్ల ముందు నిలుస్తాడు. నెలనెలా కథ మారినా ఆ బొమ్మ అలాగే కొనసాగడం వల్ల, అక్షరాలు కూడబలుక్కునే వయసువారు కూడా విషయసూచికతో పని లేకుండా తమ కథను వెతుక్కోగలిగేవారు. కథ ఎత్తుగడ, ముగింపు కూడా ప్రతిసారీ ఒకే తీరున ఉండేవి కనుక కంటికి దొరికిన గుర్తే చెవికీ దొరికేది. మీ పత్రికలోనూ కనీసం మూడు శీర్షికలకు మారని చిన్న బొమ్మను పెట్టి, వాటిని ప్రతి సంచికలోనూ అదే చోట ఉంచండి. పొడుపు కథలు ఒక నెల 6వ పేజీలో, మరో నెల 27వ పేజీలో కనిపిస్తే పిల్లలకు పత్రికతో చనువు ఏర్పడదు.

ఇక అక్షరం విషయంలో తొందర పనికిరాదు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ సాధారణంగా వరుసల మధ్య ఎడాన్ని, అంటే ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగు దాకా ఉండే దూరాన్ని, అక్షరం సైజుకు 120 శాతంగా తనంతట తానే పెడుతుంది. అది ఇంగ్లీషు లిపికి కుదిరే లెక్క. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఆ ఒత్తుకు తోడు మరో ఒత్తు ఉంటాయి. పై వరుసలో ‘రాష్ట్రం’ అన్న మాట, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ అన్న మాట పడ్డాయనుకోండి. ట ఒత్తు, ర ఒత్తు కిందికి దిగి, గుడి పైకి లేచి, రెండూ ఒకదాన్నొకటి తాకుతాయి. పెద్దలు అలవాటు కొద్దీ ఆ ముడిని దాటుకుని వెళ్లిపోతారు కానీ, వేలు పెట్టి చదివే పిల్లలు వరుస తప్పుతారు. అందువల్ల 150 శాతం ఎడంతో మొదలుపెట్టాలని నా సలహా. అచ్చులో అక్షరాన్నీ ఎడాన్నీ పాయింట్లలో కొలుస్తారు; ఐదో తరగతి అమ్మాయికి నేను 16 పాయింట్ల అక్షరానికి 25 పాయింట్ల ఎడం ఇస్తాను. ఒకే పాయింటులో ఒక్కో ఫాంటు ఒక్కో పరిమాణంలో కనిపిస్తుంది కనుక తెర మీద చూసి తృప్తిపడకుండా, ఒక పేరాను కాగితం మీద ప్రింటు తీసి నిర్ణయించుకోవాలి. శీర్షికకు రామభద్ర వంటి బొద్దు ఫాంటు, కథకు మండలి వంటి నిరాడంబరమైన ఫాంటు చక్కగా జత కుదురుతాయి. రెండూ యూనికోడ్‌వే, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాలను వాడేవే; ఉచితంగా దొరుకుతాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పని చేసేవారు, మన లిపిని సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అన్న అమరికను ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి.

కాలమ్ వెడల్పు కూడా భాషను బట్టే ఉండాలి. ‘చదువుకుంటున్నప్పుడల్లా’ అన్నది మనకు ఒకే మాట. ఇటువంటి మాటలున్న కథను సన్నని కాలమ్‌లో పోసి రెండు అంచులూ సమం చేస్తే, పొడవు మాట కింది వరుసకు జారిపోయి, మిగిలిన రెండు మూడు మాటల మధ్య గండ్లు పడతాయి. పిల్లల కథను పేజీకి ఒకే కాలమ్‌గా ఉంచి, ఎడమ అంచును మాత్రమే సమం చేసి, మాటను వరుస చివర విరవకుండా వదిలితే చదువు సాఫీగా సాగుతుంది.

రంగుల్లో నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. వెన్నెల రాత్రి గురించిన గేయానికి ముదురు నీలం నేపథ్యం వేసి, 12 పాయింట్ల తెల్లని అక్షరాలు పెట్టాను. తెర మీద అది ఎంతో ముచ్చటగా ఉంది. దినపత్రికలకు వాడే న్యూస్‌ప్రింట్ కాగితం మీద అచ్చయ్యేసరికి సిరా కాస్త పీల్చుకుని, రంగుల పొందిక వెంట్రుకవాసి కదిలి, సన్నని ఒత్తులన్నీ పూడుకుపోయాయి. ఒక బాబు ‘అమ్మమ్మ’ను ‘అమమ’ అని చదివి, తప్పు తనదేననుకుని ఆగిపోయాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి కథనూ గేయాన్నీ తెల్లని లేదా చాలా లేత రంగు మీద నలుపు సిరాతోనే వేస్తున్నాను. తెల్లని అక్షరాలను పెద్ద శీర్షికలకే పరిమితం చేశాను.

ముఖచిత్రాన్ని ఒంటరిగా చూసి మెచ్చుకోకూడదు. దుకాణంలో పత్రికలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, చాలాసార్లు పైభాగమే బయటికి కనిపిస్తుంది. కాబట్టి పత్రిక పేరు పైనే ఉండాలి, దాని అక్షరాల తీరు సంచిక సంచికకూ మారకూడదు. పదేళ్ల పిల్లలను నవ్వుతున్న ముఖం కంటే సగంలో ఆగిన సంఘటన ఎక్కువగా లాగుతుంది: కొమ్మ చివర చిక్కుకున్న గాలిపటం కోసం చేయి చాచిన పిల్లవాడు, కింద అప్పుడే తల ఎత్తిన కుక్క. బొమ్మ అంత చెబుతున్నప్పుడు లోపలి విషయాల గురించి రెండు ముక్కలు చాలు; వాటిలో ఒకటి డబ్బు చెల్లించే పెద్దలను ఉద్దేశించి రాయవచ్చు. ముఖచిత్రాన్ని అసలు సైజులో ప్రింటు తీసి, మిగతా పత్రికల మధ్య పెట్టి, పదడుగుల దూరం నుంచి చూడండి.

మధ్యలో పిన్ను కొట్టే పత్రికకు పేజీల సంఖ్య నాలుగు చేత భాగింపబడాలి. సరిగ్గా నడిమి రెండు పేజీలు ఒకే కాగితం కనుక, వెడల్పాటి బొమ్మను అక్కడ వేస్తే అతుకు పడదు. కాగితం మరీ పలచనైతే వెనక పేజీ బొమ్మ కనిపించి చదువు చెడుతుంది. ముఖచిత్రానికి పెట్టే ఖర్చును కొంత తగ్గించుకుని అయినా లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువున్న) మాప్లిథో అనే తెల్లని అచ్చు కాగితం వాడమంటాను.

అచ్చుకు పంపే ముందు పూర్తి సైజులో డమ్మీ, అంటే నమూనా ప్రతి, కట్టి, మీరు ఎంచుకున్న వయసు పిల్లలు ముగ్గురు నలుగురికి ఇచ్చి, ఏమీ అడగకుండా దూరంగా కూర్చోండి. ఏ పేజీ దగ్గర చేయి ఆగింది, వేలు ఎక్కడ వరుస తప్పింది, ఏ బొమ్మను పక్కవారికి చూపించారు అన్నవి రాసుకోండి. బాగుందా అని అడిగితే మర్యాద కోసం బాగుందనే అంటారు. సంచిక వెలువడిన నెల తర్వాత బడి గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి ప్రతిని తిరగేయండి. మూలలు నలిగిన పేజీలు, పెన్సిల్ గీతలు పడ్డ పేజీలు, ఎవరో బొమ్మ కోసం చింపుకుపోయిన పేజీ, మడత కూడా పడకుండా కొత్తగా మిగిలిన పేజీలు వేరువేరుగా గుర్తించి, తర్వాతి సంచిక పనిని ఆ కొత్తగా మిగిలిన పేజీల నుంచి మొదలుపెట్టండి.