‘డిపిక్ట్’ అనే క్రియను వాడేటప్పుడు

ఇంగ్లిషులోని ‘డిపిక్ట్’ అనే క్రియ, రంగులు వేయడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. అందువల్ల బొమ్మ, శిల్పం, సినిమా వంటివి ఒక విషయాన్ని రూపంలో చూపినప్పుడు గానీ, రచన దానిని కళ్లకు కట్టినట్లు వర్ణించినప్పుడు గానీ ఈ మాటను వాడాలి. ఆంధ్రప్రదేశ్‌లోని భైరవకోన గుహాలయాల దగ్గర రాతిలో మలిచిన ద్వారపాలకుల గురించి ‘ద కార్వింగ్స్ డిపిక్ట్ డోర్‌కీపర్స్’ అని రాయవచ్చు.

అయితే పటంలో ఒంగోలును సూచించే చుక్క ఊరి రూపాన్ని చూపదు, ఊరికి గుర్తుగా మాత్రమే నిలుస్తుంది కనుక అక్కడ ‘రిప్రజెంట్స్’ అన్నదే సరైన మాట. మన విద్యార్థులు, ‘గురించి’ అనే తెలుగు అలవాటు కొద్దీ, ‘డిపిక్ట్స్ ఎబౌట్ విలేజ్ లైఫ్’ అని రాయడం నేను తరచూ చూస్తుంటాను. ఈ క్రియకు కర్మ నేరుగా అతుకుతుంది, కాబట్టి ‘ఎబౌట్’ను తప్పకుండా తీసివేయండి. ఒకరిని మరొక విధంగా చూపారని చెప్పదలచినప్పుడు మాత్రం, ‘డిపిక్టెడ్ యాజ్ ఎ హీరో’ అన్నట్లుగా, ‘యాజ్’ చేర్చాలి.