ఎక్కాలు రాకపోయినా పీజీ చేయొచ్చు, కాకపోతే ముందు కాగితాలు

నాకు ఇప్పటికీ ఏడెనిమిదులు ఎంతో ఠక్కున రాదు. ఎవరైనా ఫోన్ నంబర్ చెబుతుంటే 47ని 74 అని రాసేస్తా, బస్సులో కండక్టర్ ఎంత చిల్లర ఇస్తే అంతా జేబులో వేసుకుని కూర్చుంటా. బళ్లో దీన్ని మొద్దుతనం అన్నారు, డిగ్రీ అయ్యాక ఒక సైకాలజిస్ట్ పరీక్షలు చేసి డిస్కాల్క్యులియా అన్నారు, అంటే అంకెల్నీ లెక్కల్నీ పట్టుకోలేని అభ్యసన వైకల్యం. నాలాంటివాళ్లు పీజీ, పీహెచ్‌డీ మాట రాగానే వెనక్కి తగ్గుతుంటారు కాబట్టి ఇది రాస్తున్నా.

నేను ముందు కోచింగ్‌లో చేరి, ఫీజు కట్టి, తర్వాత సర్టిఫికెట్ కోసం తిరిగా. మీరు అలా చేయకండి, కాగితం ముందు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఒకటి, అందులో డిస్కాల్క్యులియా పేరు పెట్టి మరీ ఉంది. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర అసెస్‌మెంట్ చేయించుకుని, ఆ రిపోర్టుతో ప్రభుత్వ మెడికల్ బోర్డుకి వెళ్లాలి, మన దగ్గర చాలామంది సదరం అనేది దాన్నే, యూడీఐడీ కార్డుకి (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు ఆన్‌లైన్‌లో. వెళ్లేటప్పుడు చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు, ఎర్ర ఇంకు నిండిన లెక్కల నోట్సు ఏమైనా మిగిలుంటే పట్టుకెళ్లండి, ఎందుకంటే డిగ్రీ పాసై చక్కగా మాట్లాడే మనిషిని చూసి 'నీకేమైంది, బాగానే ఉన్నావుగా' అనడం నేను విన్నాను. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన వస్తే ప్రభుత్వ విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల కోటా, వయసులో 5 ఏళ్ల సడలింపు వర్తిస్తాయి. తక్కువ వస్తే కోటా ఉండదు గానీ, స్క్రైబ్‌ని (మన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషిని) 40 శాతానికి ముడిపెట్టొద్దని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, రాయడంలో ఇబ్బంది ఉందని డాక్టర్ల ధ్రువీకరణ ఉన్నవాళ్లకి 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

ఈ కాగితంతో పరీక్షలో మీకు దొరికేది టైమ్. గంటకి 20 నిమిషాలు అదనం, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకీ, పీహెచ్‌డీ ప్రవేశానికీ రాసే 3 గంటల యూజీసీ నెట్‌కి ఇంకో గంట. అప్లికేషన్ నింపేటప్పుడే వైకల్యం గడిలో టిక్ పెట్టాలి, హాల్ టికెట్ వచ్చాక అడిగితే ఎవరూ వినరు.

నెట్ అంటే భయపడేవాళ్లు ఒకసారి లెక్క చూడండి (నేనే చెబుతున్నా, నవ్వుకోండి). మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు. పేపర్ 1లో పది యూనిట్లుంటే అంకెలతో నేరుగా పని పడేవి గణిత తార్కికత, డేటా ఇంటర్‌ప్రెటేషన్, రెండే, కలిపి 20 మార్కులకి అటూ ఇటూ. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి అవి చివరికి వదిలి, టైమ్ మిగిలితే చూసి, లేకపోతే ఏదో ఒక ఆప్షన్ పెట్టి లేచి రండి.

అసలు టెన్షన్ సీటు వచ్చాక మొదలవుతుంది. చేరే ముందే సిలబస్ మొత్తం తెరిచి స్టాటిస్టిక్స్ పేపర్ ఎక్కడుందో వెతకండి, సైకాలజీలో తప్పకుండా ఉంటుంది, సోషియాలజీలో రీసెర్చ్ మెథడాలజీ అనే పేరు వెనక ఉంటుంది. ఉందని కోర్సు వదిలేయొద్దు. మనకి కష్టం అంకెల్ని పట్టుకోవడం, ఒకదాని కింద ఒకటి సరిగ్గా వేసుకోవడం. సగటుకీ మధ్యగతానికీ తేడా ఏంటో, ఏ సందర్భంలో ఏ టెస్ట్ వాడాలో అర్థం చేసుకోవడం వేరే పని, అది నాకు మాటల్లో చెబితే బాగానే ఎక్కింది. ప్రతి ఫార్ములాకీ 'దీంతో ఏం అడుగుతున్నాం' అని ఒక తెలుగు వాక్యం రాసుకున్నా. గళ్ల కాగితం మీద గడికో అంకె వేసుకున్నా. టేబుల్లోంచి అంకె దించేటప్పుడు పైకి చదివి, మళ్లీ వెనక నుంచి చదివేదాన్ని, హాస్టల్లో పిచ్చిదాన్లా చూసేవాళ్లు. మొదటి వారంలోనే మేడమ్ గదికి వెళ్లి ఒక్క మాట అడిగాను, నాకు మార్కులు వేయక్కర్లేదు, ఇంటర్నల్స్‌కి క్యాలిక్యులేటర్, ఫార్ములాల షీట్ ఇస్తారా అని. ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకోరు, అప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్‌కి సర్టిఫికెట్ కాపీతో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. థీసిస్‌కి వచ్చేసరికి లెక్కలు సాఫ్ట్‌వేర్ చేస్తుంది, మీరు ఎక్కించిన డేటా సరిగ్గా ఉందో లేదో మాత్రం ఇంకో మనిషి చదువుతుంటే సరిచూసుకోవాలి.

అమెరికా వెళ్లాలనుకుంటే, చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష అడగడం మానేశాయి, ముందు అది చూసుకోండి. అడిగితే క్వాంట్‌లో (లెక్కల భాగం) 27 ప్రశ్నలు, 47 నిమిషాలు, స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఉంటుంది. ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్‌కి రిపోర్టు పంపితే ఒకటిన్నర రెట్లు టైమ్ దొరకొచ్చు, అదనపు టైమ్ తీసుకున్నట్టు స్కోర్ మీద కనబడదు. అయితే అనుమతి వచ్చాకే డేట్ బుక్ చేయాలి, పరిశీలనకి వారాలు పడుతుంది, కాబట్టి డిసెంబర్ డెడ్‌లైన్ ఉన్నవాళ్లు వేసవిలోనే రిపోర్టు పంపేయండి. సీటు వచ్చాక అక్కడి డిసెబిలిటీ ఆఫీసులో మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి, జీఆర్ఈలో ఇచ్చిన అనుమతి అక్కడికి దానంతటదే వెళ్లదు.