లేసు ఫొటోలతో పాకెట్ మనీ

నరసాపురం, పాలకొల్లు వైపు కాలేజీ పిల్లలూ, ముందు డబ్బు కట్టమనే డేటా ఎంట్రీ జాబుల జోలికి అస్సలు పోకండి. మన చుట్టుపక్కల పిన్నులూ అత్తలూ లేసు అల్లుతుంటారు కదా, వాళ్ళనడిగి ఆ లేసు ఫొటోలతో వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టి, కమీషన్ మీద అమ్మిపెట్టండి, యాప్ ఫ్రీనే. తెల్ల లేసు తెల్ల దుప్పటి మీద పెడితే అల్లిక కనపడదు, కింద నల్ల గుడ్డ పరిచి పొద్దున పూట కిటికీ పక్కన ఫ్లాష్ లేకుండా తీయండి, పక్కనే టేపు పెడితే సైజెంత అని అడిగే మెసేజ్‌లు తగ్గుతాయి. కమీషన్ ముందే మాట్లాడుకోండి, అల్లినావిడ కూలి తగ్గించి మాత్రం అమ్మొద్దండి, కళ్ళు లాగేసే పని అది. ఇంకోటి, డబ్బులు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమన్నారంటే మోసమే, డబ్బులు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.