రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వస్తే: ప్రోస్టేట్ మాత్రకు ముందు కొలత మగ్గు

అరవై దాటిన పురుషుల నుంచి నేను తరచుగా వినే మాట ఇది: "పగలు బాగానే ఉంటుందండీ, పడుకున్నాక మాత్రం రెండు గంటలకోసారి లేవాల్సి వస్తోంది." అప్పటికే చేతిలో స్కానింగ్ రిపోర్టు ఉంటుంది, అందులో మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి 40 గ్రాములకు పెరిగిందని రాసి ఉంటుంది, ఎవరో చెప్పిన ప్రోస్టేట్ మాత్ర కొన్ని నెలలుగా వాడుతూ ఉంటారు. ఏ పూట ఎంత మూత్రం వస్తోందో కొలిచి రాసిన కాగితం మాత్రం పదిమందిలో ఒక్కరి దగ్గర కూడా ఉండదు. ఖర్చు లేని ఆ పరీక్షను వదిలేసి మిగిలినవన్నీ చేయించుకుని వచ్చేవారిని ఇన్నేళ్లుగా చూస్తున్నాను కనుకనే ఇది రాస్తున్నాను.

కొలతలతో పని లేకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బడం, చలితో కూడిన జ్వరం రావడం, నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడి మర్మాంగాల చుట్టూ స్పర్శ తగ్గడం అటువంటివి. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి, నొప్పి లేకుండా తనంతట తానే ఆగిపోయినా, ముఖ్యంగా పొగ తాగే అలవాటు ఉన్నవారు, దాన్ని వదిలేయకూడదు.

కొలిచే పద్ధతి

మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి స్నానాల గదిలో పెట్టుకుని, మూడు రోజుల పాటు, వెళ్లిన ప్రతిసారీ సమయాన్నీ పరిమాణాన్నీ రాయాలి. నిద్రపోయిన సమయం, లేచిన సమయం కూడా ఉండాలి. అందరూ పొరబడే చోటు ఒకటుంది. పడుకునే ముందు పోసినది పగటి లెక్కలోకి వెళుతుంది, తెల్లవారి లేవగానే పోసినది రాత్రి లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే అది నిద్రలో తయారైన మూత్రమే. ఈ ఒక్కటి తప్పితే లెక్క మొత్తం తారుమారవుతుంది.

కాగితం చేతికి వచ్చాక దాన్ని మూడు విధాలుగా చదవాలి. ఇరవైనాలుగు గంటల మొత్తం 3 లీటర్లు దాటితే ముందు షుగర్ పరీక్ష చేయించాలి. షుగర్ లేకపోతే తాగే నీళ్లు లెక్క చూసుకోవాలి. కిడ్నీలో రాయి వచ్చినప్పుడు ఎవరో చెప్పిన "బాగా నీళ్లు తాగండి" అన్న సలహాను పట్టుకుని, పడుకునే ముందు కూడా చెంబెడు తాగేవారు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. రెండో విధం, పగలూ రాత్రీ ప్రతిసారీ 100, 150 మిల్లీలీటర్లే రావడం. అప్పుడు మూత్రసంచినీ ప్రోస్టేట్‌నూ అనుమానించడం న్యాయమే. మూడో విధంలో రోజు మొత్తం మామూలుగానే ఉంటుంది, లేచిన ప్రతిసారీ 250, 300 మిల్లీలీటర్లు నిండుగా వస్తుంది, రాత్రి వాటా మొత్తంలో మూడో వంతును దాటిపోతుంది. ఇక్కడ మూత్రసంచి తన పని సక్రమంగానే చేస్తోంది. రాత్రిపూట మూత్రపిండాలు అవసరానికి మించి మూత్రాన్ని తయారుచేస్తున్నాయి.

నన్ను దెబ్బతీసిన కారణం

68 ఏళ్ల దుకాణదారు ఒకరికి నేను ఎనిమిది నెలలు ప్రోస్టేట్ మందులు వాడాను. స్కానింగ్‌లో గ్రంథి పెరిగి ఉంది, వయసూ సరిపోయింది, ఇంకేం చూడాలనుకున్నాను. మొదట టామ్సులోసిన్, తర్వాత దానికి తోడు డ్యూటాస్టెరైడ్ ఇచ్చినా ఆయన లేవడం తగ్గలేదు. టామ్సులోసిన్ వాడేవారిలో కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఒక రాత్రి ఆయన అలాగే స్నానాల గది గడప దగ్గర పడిపోయి మణికట్టు ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత గానీ నేను మగ్గు చేతికివ్వలేదు. పగలంతా కలిపి 750 మిల్లీలీటర్లు. రాత్రి మూడుసార్లు, తెల్లవారి ఒకసారి కలిపి 250, 320, 280, 300, అంటే 1,150. మొత్తంలో 60 శాతం రాత్రిదే.

కాళ్లు చూస్తే చీలమండల దగ్గర సాక్సు పట్టీ లోతుగా దిగిన గుర్తు ఉంది. బీపీకి అమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు వాడుతున్నారు. ఈ మందు వల్ల కాళ్లకు నీరు పట్టడం చాలామందిలో కనిపిస్తుంది. దానికి తోడు పగలంతా గల్లాపెట్టె దగ్గర కాళ్లు వేలాడేసి కూర్చోవడం. కిందికి దిగిన నీరు సాయంత్రానికి పిక్కల్లో, పాదాల్లో నిలిచిపోతుంది. మనిషి పడుకోగానే అది మెల్లగా తిరిగి రక్తంలో కలుస్తుంది. గుండెకు చేరే రక్తం పెరగడంతో గుండె గదుల గోడలు సాగి, నీటినీ ఉప్పునూ బయటికి పంపమని మూత్రపిండాలకు సంకేతం ఇచ్చే హార్మోన్ విడుదలవుతుంది. పగలు కాళ్లలో దాగిన నీరే రాత్రి మూత్రంగా బయటికి వస్తుందన్నమాట. ప్రోస్టేట్ మాత్ర ఎన్నాళ్లు వేసినా దీన్ని ఆపలేదు.

ఈ కారణం ఇంతమందిని తప్పుదారి పట్టించడానికి సబబు ఉంది. ఆ వయసులో ప్రోస్టేట్ పెరగడం సర్వసాధారణం కనుక, స్కానింగ్ చేస్తే అది కనిపించి తీరుతుంది, కనిపించిన దానిమీద నెపం వేసేసి మనం అక్కడే ఆగిపోతాం. గ్రంథి పరిమాణానికీ ఇబ్బంది తీవ్రతకూ నేరుగా పొంతన ఉండదన్న సంగతి రిపోర్టులో రాసి ఉండదు.

ఇంట్లో చూసుకోవలసినది సులువు. సాయంత్రం ఏడింటికి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట పడుతుందేమో చూడాలి. పొద్దున్నే లేవగానే చూస్తే వాపు తీసేసి ఉంటుంది, అందుకే ఉదయం ఓపీలో ఇది మా కళ్లకూ దొరకదు.

గుంట పడితే, సాయంత్రం నాలుగైదు గంటల వేళ ఒక గంటసేపు కాళ్లను గుండె కన్నా ఎత్తులో దిండ్ల మీద పెట్టి పడుకోవాలి. అలా చేస్తే ఆ నీరు నిద్రకు ముందే మూత్రంగా వెళ్లిపోతుంది. కాళ్ల రక్తప్రసరణ బాగుందని డాక్టరు చూసి చెబితే, పగటిపూట బిగుతు మేజోళ్లు వేసుకుని రాత్రి తీసేయాలి. రాత్రి అన్నంలో ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ తగ్గించాలి, ఎందుకంటే ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. పడుకునే ముందు రెండు మూడు గంటలు నీళ్లు తగ్గించాలి, మజ్జిగ, పాలు, టీ కూడా ఆ లెక్కలోవేనని గుర్తుంచుకోవాలి.

మందుల విషయంలో సొంత నిర్ణయం కూడదు. అమ్లోడిపిన్‌ను మీరే ఆపేయకండి, మాత్ర రాసిన డాక్టరుకు కాళ్లు చూపించి, మోతాదు తగ్గించడం గానీ మందు మార్చడం గానీ కుదురుతుందా అని అడగండి. ఆ వాపు తగ్గడానికని నీళ్లు పోయే మాత్రను కలపడం తరచుగా జరుగుతుంది. అమ్లోడిపిన్ వల్ల వచ్చిన వాపు దానికి పెద్దగా లొంగదు, పైగా ఆ మాత్రను రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే నిద్ర మరింత చెడుతుంది. గుండె జబ్బుకో మరో కారణానికో ఆ మాత్ర నిజంగా అవసరమైనవారు, డాక్టరును అడిగి మధ్యాహ్నానికి మార్చుకుంటే చాలావరకు తేడా తెలుస్తుంది. వాపు ఒక కాలికే ఉన్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా ఈ చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే చూపించుకోవాలి.

మా దుకాణదారుకు ఫిజీషియన్ బీపీ మందు మార్చారు, సాయంత్రం కాళ్లెత్తి పడుకోవడం అలవాటైంది. నెల తిరిగేసరికి రాత్రి ఒక్కసారే లేస్తున్నారు.

వాపు లేకుండానే రాత్రి వాటా ఎక్కువైతే గురక సంగతి ఇంట్లోవారిని అడగాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి కూడా గుండె మీద ఒత్తిడి పడి రాత్రి మూత్రం పెరుగుతుంది.

మిగిలిన కారణాలు

జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ వంటి మందులు ప్రోస్టేట్ పెరిగినవారికి మూత్రాన్ని బిగబట్టేస్తాయి, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాయి; ఈమధ్య ఏం మింగారో గుర్తు చేసుకోండి. మూత్రసంచిలో రాయి, మూత్రనాళం సన్నబడడం, ఒంట్లో కాల్షియం పెరగడం వంటివి అరుదు, డాక్టరు వాటిని పరీక్షల్లో పట్టుకుంటారు.

కాగితం నిజంగానే ప్రోస్టేట్ వైపు చూపిస్తే, అంటే ధార సన్నబడి, మొదలవడానికి ఆలస్యమై, ప్రతిసారీ కొద్దికొద్దిగా వస్తుంటే, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త కావాలి. లీటరు నీళ్లు తాగించి, ఆపుకోలేనంతగా రెండు గంటలు కూర్చోబెట్టి తీస్తే, అతిగా సాగిన సంచి సరిగా ముడుచుకోలేక మిగులు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మామూలుగా వెళ్లాలనిపించిన వేళే తీయమని అడగండి. సాగిపోయిన సంచి ఎప్పుడూ నిండుగానే ఉండి, పొంగినది మాత్రమే చుక్కలుగా కారడం కూడా ఇక్కడే బయటపడుతుంది. దాన్ని ఆలస్యం చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఏ మార్పు చేసినా రెండు వారాలు ఆగి, మళ్లీ మూడు రోజులు కొలిచి, పాత కాగితం పక్కన కొత్తది పెట్టి చూడండి, డాక్టరు దగ్గరికి రెండూ పట్టుకెళ్లండి.