ఫైబర్ బాక్సులో ఎర్ర లైటు: నా అనుభవం

ఉండుండి నెట్ పోయేది, బాక్సు మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) లైటు ఎర్రగా మిణుకుమనేది. రీస్టార్ట్, రీసెట్, పవర్ అడాప్టర్, వైఫై ఛానెల్, అన్నీ మార్చి చూశా, లాభం లేదు.

దారి చూపింది బాక్సు లాగిన్ పేజీలోని ఆర్‌ఎక్స్ పవర్, అంటే ఫైబర్ తీగలోంచి బాక్సుకు అందే వెలుతురు బలం. మైనస్ 28 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) చూపిస్తోంది. మైనస్ అంకె ఎంత పెద్దదైతే వెలుతురు అంత బలహీనం. మామూలు జీపాన్ (ఇళ్లకు ఫైబర్ నెట్ ఇచ్చే ఒక పద్ధతి) బాక్సులకు మైనస్ 27 దాకానే హద్దు. అంటే వెలుతురే సరిగ్గా అందడం లేదు.

గోడ మీది డబ్బా తెరిచాను. బయటినుంచి వచ్చే లైను కొస ఆకుపచ్చ రంగు, దానికి కలిపిన ప్యాచ్ కార్డు (అక్కణ్నుంచి బాక్సుకు వెళ్లే చిన్న ఫైబర్ వైరు) కొస నీలం! పచ్చదాని మొన 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలందాని మొన అలా ఉండదు. రెండూ ఆనవు, మధ్యలో సందు మిగులుతుంది. మా బాక్సు పోర్టూ పచ్చదే కాబట్టి రెండు కొసలూ పచ్చగా ఉన్న సింగిల్ మోడ్ (ఇలాంటి లైన్లకు వాడే రకం) కార్డు, రెండు కొసలను కలిపే పచ్చ కప్లర్ కొన్నాను. బాక్సు ఆపి, మొనలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక టిక్‌మనేదాకా నొక్కాను. మిగిలిన వైరును పెద్ద చుట్టగా వదిలాను. రీడింగ్ మైనస్ 20కి వచ్చింది.

కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడకండి, అందులో వచ్చేది కనిపించని లేజర్.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. రంగులు సరిపోయినా రీడింగ్ తక్కువుంటే తేడా బయట స్తంభం దగ్గర ఉండొచ్చు, లైన్‌మన్‌ని పిలవాల్సిందే.